జడుపుకి చోటులేని సాహిత్యం

దళిత సాహిత్యం కారంచేడు నెత్తుటి మడుగులోంచి లేచిందని సభల్లో చెప్పుకుంటాం. నిజమే. 1985 జులై 17న కారంచేడు మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు విరుచుకుపడి ఆరుగురిని చంపారు. ఆడవాళ్లని చెరిచారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి నరికారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో మడ్డువలస ప్రాజెక్టు భూముల తగాదాలో అయిదుగురిని చంపారు. ఈ తేదీలు, ఈ అంకెలు మన ఉద్యమంలో తిరిగే ప్రతి విద్యార్థికీ నోటికొచ్చు.

నేనడిగే లెక్క వేరు. ఆ రోజు ఆ పల్లెల్లో పిల్లలెంతమంది ఉన్నారు? మంచాల కింద ఎవరు దూరారు? చేలల్లోకి ఎవరు పరిగెత్తారు? ఆ రాత్రి, ఆ మర్నాటి రాత్రి, ఆర్నెల్ల తర్వాత రాత్రి వాళ్లెట్లా నిద్రపోయారు? మళ్లీ బడికి ఎప్పుడు పోయారు? పోయి ఏం చదవగలిగారు? చచ్చిపోయినవాళ్ల పేర్లు మన పాటల్లో ఉన్నాయి. చూసి బతికిన పిల్లల సంగతి మాత్రం మన పుస్తకాల్లో వెతుక్కోవాల్సి వస్తోంది.

నేను సర్కారు హైస్కూల్లో తెలుగు చెప్పే పంతులమ్మని. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషిని. విమర్శ రాయటానికి నాకున్న అర్హతలు ఈ రెండే. పొద్దున ప్రార్థనలో నిలబడ్డ పిల్లల మొహాలు చూస్తే, రాత్రి ఎవరి పేటలో ఏం జరిగిందో సగం తెలిసిపోతుంది. ఆ కళ్లతోనే మన సాహిత్యం చదివాను. నాకు కనపడ్డ లోటుని బయటివాళ్ల ముందు కాదు, మనవాళ్ల మధ్యనే పెడుతున్నాను.

1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నుంచి మొదలుపెడదాం. సంగదాసుని భూస్వామి చౌదరయ్య చంపుతాడు. సంగదాసు తోడబుట్టిన వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై ఉన్నవాళ్ల మీద తిరగబడతాడు. రాసినాయన దళితుడు కాదు. అయినా ఆ కథ నడక మన రాతల్లోకీ వచ్చింది. ఒక హత్య, దాని వెనకే ఒక తిరుగుబాటు. కారంచేడు మీద గద్దర్ కట్టిన పాటలో మనవాళ్లు పులులు. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’, దాని తర్వాత వచ్చిన ‘పదునెక్కిన పాట’ మనకి తల ఎత్తుకోవటం నేర్పాయి. హాస్టల్లో ఉన్నప్పుడు వాటిల్లో నచ్చినవాటిని నోటుబుక్కులోకి ఎత్తి రాసుకున్నదాన్ని నేను. వాటిని తక్కువ చెయ్యటానికి ఇది రాయటం లేదు. ఆ రోజుల్లో ఆ కోపం అవసరం. అంతకుముందు మనల్ని జాలిపడాల్సిన వాళ్లుగానే రాశారు. అయ్యో పాపం అనే కథలు చాలా వచ్చాయి. ఆ జాలిని విసిరికొట్టటానికి మన కవులు పిడికిలి బిగించారు.

కానీ హత్యకీ తిరుగుబాటుకీ మధ్య కొన్ని రోజులుంటాయి. కారంచేడు దాడి జులైలో జరిగింది. చీరాలలో దళిత మహాసభ పుట్టింది సెప్టెంబరు 1న. ఆ రెండిటికీ నడుమ ఆగస్టు నెల ఉంది. పల్లె పల్లె అంతా చీరాల వచ్చి శిబిరంలో పడుకున్న నెల అది. మన చరిత్ర ఆ నెలని ఉద్యమం తయారైన కాలంగా రాసుకుంది. ఆ నెలలో శిబిరంలో ఉన్న ఏడేళ్ల పిల్లకి అది ఏ కాలం? నాయకుల ఉపన్యాసం మైకులో మోగుతుంటే ఆ మోతకి ఉలిక్కిపడిందా? మగవాళ్లు గుంపుగా నడిచొస్తుంటే, వాళ్లు మనవాళ్లేనని తెలిసినా, అమ్మ కొంగు పట్టుకుందా? నేను వెతుకుతున్నది ఆ నెలని.

మన కవిత్వంలో పిల్లలు అసలే లేరని అనను. ఉన్నారు. తండ్రి శవం పక్కన నిలబడ్డ కుర్రాడు ఉంటాడు. వాడి కళ్లల్లో కవికి నిప్పులు కనపడతాయి. రేపు వీడే లెక్క తేలుస్తాడని పద్యం ముగుస్తుంది. చదివేవాళ్లకి ఒళ్లు పులకరిస్తుంది. వాడు ఆ రాత్రి పక్క తడిపాడని మాత్రం ఆ పద్యం చెప్పదు. వాడికి పద్యంలో కోపం తెచ్చుకునే హక్కు ఇచ్చాం గానీ భయపడే హక్కు ఇవ్వలేదు. ఇక ఆడపిల్లయితే ఆ నిప్పులు కూడా ఉండవు. తల్లి ఒళ్లో ఒక తలగా ఉంటుంది, అంతే.

మన తల్లులు ఈ పని మనకన్నా నయంగా చేశారు. వాళ్ల దగ్గర దీనికి మాట ఉంది. జడుపు. ‘పిల్లాడు జడుసుకున్నాడు’ అంటారు. భయం వేరు, జడుపు వేరు. భయం ఎదురుగా ఉన్నదాన్ని చూసి పుడుతుంది. అది పోతే భయమూ పోతుంది. జడుపు అట్లా కాదు. చూసింది పోయాక కూడా ఒంట్లో కూచుంటుంది. జ్వరమై వస్తుంది. అన్నం సయించదు. నిద్దట్లో కేకలు పెట్టిస్తుంది. దానికి దిష్టి తీసేవాళ్లు, మసీదు దగ్గర తాయెత్తు కట్టించేవాళ్లు, పాస్టరుగారి చేత తల మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించేవాళ్లు. తాయెత్తుతో జడుపు పోతుందని నేననను. కానీ పిల్ల ఒంట్లో ఏదో చేరిందనీ, అది పిల్ల తప్పు కాదనీ, దానికి పెద్దవాళ్లే ఏదో ఒకటి చెయ్యాలనీ ఆ చదువురాని తల్లులకి తెలుసు. డాక్టర్లు ఈనాడు చెప్పేది కూడా దాదాపు ఇదే. ప్రమాదం దాటిపోయినా ఒళ్లు కాపలా మానదంటారు. చిన్న చప్పుడికి గుండె దడదడలాడుతుంది. చూసింది కళ్లముందు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. దాన్ని తప్పించుకోటానికి పిల్లలు ఆ దారినీ, ఆ మాటనీ, ఒక్కోసారి మనుషుల్నే తప్పించుకు తిరుగుతారు. మన పల్లెల్లో ఇంత బరువున్న మాట ఉంటే, పలుకుబడి కోసం పల్లె పల్లె జల్లెడ పట్టిన మన కవులు దాన్ని ఎందుకు వదిలేశారు?

నా మటుకు నాకు ఈ మాట పుస్తకాల్లోంచి రాలేదు. చుండూరు జరిగేనాటికి నేను ఉగ్గుపాల పిల్లని. అక్కడ తగవు సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది. మాది ఆ ఊరు కాదు. అయినా మా అమ్మ నన్ను బస్సు ఎక్కించిన ప్రతిసారీ ‘కాళ్లు ముడుచుకో’ అనేది. ఎందుకనేది చెప్పేది కాదు. పెద్దయ్యాక తెలిసింది. ఒక ఊళ్లో పారిన నెత్తురు చుట్టుపక్కల ఊళ్ల పిల్లల కాళ్లలోకి ఎట్లా వస్తుందో దాన్నిబట్టి తెలుసుకున్నాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా పల్లె మీదికీ వచ్చారు. కుళాయి దగ్గర మొదలైన గొడవ. చావులు లేవు కాబట్టి పేపర్లోకి ఎక్కలేదు. ముందు కరెంటు పోయింది. తర్వాత ట్రాక్టరు చప్పుడు. మా అమ్మ నన్నూ తమ్ముణ్ణీ నులక మంచం కిందికి నెట్టి, తను కూడా దూరి, తమ్ముడి నోటి మీద అరచెయ్యి పెట్టింది. వాళ్లు వెళ్లిపోయాక కూడా చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు. తడికెలు విరిచారు, గాబులు పగలగొట్టారు, మా పెదనాన్న చెయ్యి విరిచారు. పెద్దవాళ్లు మూడు నెలల్లో రాజీపడ్డారు. తమ్ముడు ఏడాదిన్నర దాకా నత్తి నత్తిగా మాట్లాడాడు. అంతకుముందు వాడికి నత్తి లేదు. బళ్లో అయ్యవారు వాడికి ‘మొద్దు’ అని పేరు పెట్టారు. వాడు ఏడో తరగతి దాటలేదు. నేను చదివాను, వాడు కూలికి పోయాడు. నన్ను చూపించి ‘కష్టపడితే ఎవరైనా పైకొస్తారు’ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మేమిద్దరం ఒకే మంచం కింద ఉన్నాం. ఆ రాత్రి ఒకరి గొంతులో ఒక రకంగా, ఇంకొకరిలో ఇంకో రకంగా మిగిలింది.

ఇప్పుడు నా తరగతిలో తమ్ముడిలాంటి వాళ్లని చూస్తుంటాను. ఒక పేటలో బొమ్మ దగ్గరో, ఫ్లెక్సీ దగ్గరో, ఊరేగింపు దారి దగ్గరో కొట్లాట జరుగుతుంది. నాలుగు రోజులు పోలీసు పికెట్ ఉంటుంది. పికెట్ ఎత్తేస్తే ‘పరిస్థితి ప్రశాంతం’ అని వార్త వస్తుంది. ఆ వారం నుంచి ఒక పిల్లవాడు కిటికీ పక్కన కూచోనంటాడు. ఇంకొకడు బయట మోటారుసైకిళ్లు ఎన్ని పోయాయో చప్పుడుని బట్టి లెక్కపెడుతుంటాడు. వాడి కళ్లు పుస్తకం మీదే ఉంటాయి, చెవులు మాత్రం రోడ్డు మీద. హాజరు పిలిస్తే పలకని పిల్ల ఉంటుంది. గుంపులో ఎవడో అరిచిన అరుపులాంటిది వినపడితే డస్కు కింద దూరే పిల్ల ఉంటుంది. ఇంకొందరు దీనికి తిరగబడి, అందరినీ కొడతారు. స్టాఫ్ రూములో వీళ్లకి సిద్ధంగా మాటలున్నాయి. ‘ఆ పేట పిల్లలంతే.’ ‘చదువు మీద ధ్యాస లేదు.’ ‘వీళ్ల రక్తంలోనే ఉంది గొడవ.’ జడుపుకి కులం పేరు పెట్టి రిజిస్టరు మూసేస్తారు. మన పిల్లల వెనకబాటుతనం మీద వ్యాసాలు రాసే పెద్దలు పేదరికం గురించి, ఇంగ్లీషు గురించి, రిజర్వేషన్ గురించి రాస్తారు. భయం ఒక పిల్ల బుర్రలోంచి ఎంత చదువుని తినేస్తుందో రాయరు.

దీనికి కొలత ఉంది. షికాగో నగరంలో పాట్రిక్ షార్కీ అనే సామాజిక శాస్త్రవేత్త నల్లజాతి పిల్లలకి చదవటంలో, మాటల అర్థాల్లో పరీక్షలు పెట్టిన తేదీల్నీ, వాళ్ల ఇళ్ల చుట్టుపక్కల హత్యలు జరిగిన తేదీల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆ పరిశోధన 2010లో వచ్చింది. ఇంటి దగ్గర్లో హత్య జరిగిన వారంలోపు పరీక్ష రాసిన పిల్లలకి మార్కులు బాగా తగ్గాయి. ఆ హత్యని పిల్ల కళ్లారా చూసి ఉండాల్సిన పని కూడా లేదు. పేటలో జరిగితే చాలు. అదే పిల్ల, అదే బుర్ర, వారం మారితే మార్కు మారింది. దీన్నిబట్టి మన బళ్లల్లో ‘మొద్దు’ అనిపించుకున్న పిల్లల్ని మళ్లీ తలుచుకోండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022లో షెడ్యూల్డ్ కులాల మీద నేరాల కేసులు 57,582 అని లెక్క చెప్పింది. అవి పోలీసు స్టేషన్ దాకా వచ్చినవి. ఒక్కో కేసు చుట్టూ ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో పిల్లలున్నారు. ఆ వారం ఏ పరీక్ష జరిగిందో ఎవరు చూశారు?

ఇక మనవాళ్లకి నచ్చని మాట ఒకటి చెప్పాలి. దాడి అంటే ఊరి నుంచి వచ్చేదే కాదు. సారా తాగొచ్చి పెళ్లాన్ని తన్నే మగాడి ఇంట్లో పిల్లలు కూడా మంచం కిందే ఉంటారు. వాళ్ల ఒంటికి కులం పేరుతో పడ్డ దెబ్బ, నాన్న చేతి దెబ్బ వేరువేరుగా తెలియవు. బయట చెయ్యెత్తలేని మగాడు లోపల చెయ్యెత్తుతాడని మన సిద్ధాంతం దానికి కారణం చెబుతుంది. కారణం సరే. ఆ పిల్లకి అది సమాధానమా? శత్రువు చేతికి ఆయుధం ఇచ్చినట్టవుతుందని మనం దీన్ని రాయకుండా దాచిపెడుతున్నాం. దాచిన కొద్దీ అది పిల్లల ఒంట్లోనే మగ్గుతోంది. దళిత స్త్రీలు ఈ మాట ఎత్తినప్పుడల్లా ‘ఇప్పుడు కాదు’ అన్నవాళ్లు, ఎప్పుడో చెప్పలేదు.

ఉద్యమ మిత్రులకి ఇంకో మాట. దాడి జరిగిన పల్లెకి నిజనిర్ధారణ కమిటీలు వస్తాయి. రావాలి కూడా. వాళ్లు రాకపోతే నిజం పోలీసు కాగితాల్లోనే సమాధి అవుతుంది. కానీ వచ్చిన ప్రతి కమిటీ, ప్రతి విలేకరి, ప్రతి నాయకుడు అదే పిల్లని ముందుకి పిలిచి ‘ఏం చూశావమ్మా, మీ నాన్నని ఎట్లా కొట్టారు?’ అని అడుగుతారు. ఆ పిల్ల చెప్పిందే చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ మళ్లీ చూస్తుంది. అడిగినవాళ్లు కారెక్కి వెళ్లిపోతారు. కరపత్రం వస్తుంది. ఆ పిల్ల మర్నాడు ఏం చేసిందో కనుక్కోటానికి మళ్లీ వచ్చినవాళ్లెంతమంది?

చట్టం సంగతి చూడండి. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని నిబంధనలు 1995లో వచ్చాయి. ఆ నిబంధనల వెనక ఒక పట్టిక ఉంది. చంపితే ఎంత, కొడితే ఎంత, ఇల్లు తగలబెడితే ఏం కట్టివ్వాలి అని రాశారు. మూడు నెలలపాటు బియ్యం, పప్పులు, గిన్నెలు ఇవ్వమన్నారు. బాధితుల పిల్లల్ని డిగ్రీ దాకా చదివించే ఖర్చు సర్కారుదే అన్నారు. ఇది పోరాడి తెచ్చుకున్న హక్కు, ప్రతి పల్లెలో అడిగి తీసుకోవాలి. కానీ చదివించమన్న చట్టం, ఆ పిల్ల చదవగలిగే స్థితిలో ఉందా అని అడగలేదు. కోర్టు సంగతి సరేసరి. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టారు. 2007 జులై 31న తీర్పు చెప్పి 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. లెక్క కట్టండి. దాడినాడు ఎనిమిదేళ్లున్న పిల్ల మొదటి తీర్పునాటికి 24 ఏళ్లది, బిడ్డ తల్లి అయినా అయి ఉంటుంది. అందరినీ వదిలేసేనాటికి 31. జడుపు పోవాలంటే ‘ఇక వాళ్లు రారు’ అని ఎవరో ఒక పెద్దమనిషి గట్టిగా చెప్పాలి. ఆ మాట చెప్పాల్సిన న్యాయస్థానం ఆ పిల్లకి ఇరవై మూడేళ్ల తర్వాత ఏం చెప్పింది? అందుకే న్యాయం వేరు, మనసు బాగుపడటం వేరు అనుకోవటం తప్పు. శిక్షలు పడకుండా పిల్లలకి ధైర్యం చెప్పటం అబద్ధం చెప్పటమే.

దారి చూపించిన రచనలు లేకపోలేదు. తమిళంలో బామ 1992లో ‘కరుక్కు’ రాసింది. శ్మశానం భూమి గొడవలో పోలీసులు పల్లె మీద పడితే మగవాళ్లు పారిపోయి దాక్కుంటారు. ఒక ఇంట్లో పిల్లవాడు చచ్చిపోతే తండ్రి చీర కట్టుకుని, ఆడమనిషిలా వచ్చి, కొడుకుని కడసారి చూసుకుంటాడు. అదంతా చిన్నపిల్ల కళ్లతో చూసింది బామ. అక్కడ పులులు లేవు, భయపడ్డ మనుషులున్నారు. అయినా ఆ పుస్తకం చదివిన ఎవరికీ ఆ మనుషులు పిరికివాళ్లని అనిపించదు. మనకి 2000లో కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ వచ్చింది. తరతరాల కథని రూతు తలపోతలోంచి చెప్పిన నవల అది. జరిగినదాన్ని ఒక ఆడమనిషి లోపల మోసుకుని తిరగటం, దాన్ని మెల్లగా విప్పటం మన భాషలో సాధ్యమేనని అది చూపించింది. ఆ పద్ధతిని ఒక్క పిల్ల ఒక్క ఏడాదికి వాడి చూస్తే చాలు, నేనడిగే పుస్తకం అదే అవుతుంది.

భయాన్ని రాస్తే ఉద్యమం బలహీనపడుతుందని కొందరు మిత్రులంటారు. భయపడటం సిగ్గు అన్నది ఎవరి విలువ? మీసం తిప్పే దొరలది. కొట్టేవాడికి భయం సిగ్గు. కొట్టించుకున్నవాడికి భయం తెలివి, అనుభవం మీద వచ్చిన తెలివి. మన తాతలు తిట్లని తిప్పికొట్టారు, పేర్లని తిప్పికొట్టారు. ఈ ఒక్క విలువని మాత్రం దొరల దగ్గర అప్పు తెచ్చుకుని మన పిల్లల నెత్తిన పెట్టటం ఎందుకు? వణుకుతూనే సాక్ష్యం చెప్పినవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. వణుకు లేదని రాస్తే వాళ్ల సాక్ష్యం విలువ తగ్గుతుంది గానీ పెరగదు.

బళ్లో పనిచేసే తోటివాళ్లు చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. పెద్ద డబ్బు ఖర్చు లేనివే. గొడవ జరిగిన పేట పిల్లల్ని కూచోబెట్టి చెప్పించొద్దు. చెప్తామని వస్తే మాత్రం అడ్డం రాకుండా వినండి. తలుపు దగ్గర కూచుంటానంటే కూచోనివ్వండి. బెత్తం, అరుపు మానండి. రోజూ ఒకే వేళకి ఒకే పని జరిగితే ఆ పిల్లల ఒంటికి నెమ్మది వస్తుంది, కాబట్టి బడి ఒక్క రోజు కూడా మూయొద్దు. మధ్యాహ్నం భోజనం అందర్నీ కలిపి కూచోబెట్టి పెట్టండి. గొడవ తర్వాత ఆడపిల్లని బడి మాన్పించి పెళ్లి చెయ్యాలని చూస్తే వెళ్లి తల్లితో మాట్లాడండి. నెల దాటినా నిద్ర లేక, మాట లేక పోతే జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పిచ్చి అనుకుంటారేమోనని భయపడొద్దు, ఇది పిచ్చి కాదు, దెబ్బ.

ఇక రాసేవాళ్లకి. కారంచేడు నాటి పిల్లలు ఇప్పుడు యాభై ఏళ్లకి అటూఇటూ ఉన్నారు. చుండూరు నాటి పిల్లలు నలభైలు దాటారు. లక్ష్మీపేటలో ఆనాడు పలక పట్టినవాళ్లు ఇప్పుడు కాలేజీల్లో, కూలిపనుల్లో ఉన్నారు. ఇట్లా పేరు రాని వేల పల్లెల పిల్లలున్నారు. వాళ్లు మన పద్యాలకి వస్తువు కాదు, వాళ్లే రాయాలి. చదువురానివాళ్లు చెబితే మనం రాసిపెట్టాలి. ఎవరు చంపారు, ఎట్లా చంపారు అని ఇప్పటికే అడిగాం, రాసుకున్నాం. ‘ఆ తర్వాత నువ్వెట్లా నిద్రపోయావు?’ అని ఇప్పుడు అడగాలి. వాళ్లు చెప్పేది వినటానికి మన పత్రికలు, మన సభలు, మన సంకలనాలు చోటివ్వాలి. నత్తిగా చెప్పినా సరే, అచ్చెయ్యాలి.